నాలుగు వోల్టులు

కాశీబుగ్గ బస్టాండు ఎదురు సందులో
నా బల్ల నాలుగడుగులు.
తుపాను పోయిన మూడో రోజుకి
దాని మీద ముప్పై ఏడు ఛార్జింగ్ లైట్లు,
అన్నీ గుడ్డివి.

కరెంటు లేదు కాబట్టి సోల్డరింగు కడ్డీ వేడెక్కదు.
గ్యాసుపొయ్యి మీద రాగిముక్క కాల్చి
తగరం కరిగిస్తున్నాను,
మా తాత మట్టెలు అతికినట్టు.

ఎవరి లైటో అడగక్కర్లేదు.
పిడికి నల్లటి జిగురు పట్టి ఉంటే
జీడిపిక్కల బట్టీలో పనిచేసే చేయి.
ఆ నలుపు సబ్బుకి పోదు, కిరసనాయిలుకీ పోదు.
అద్దం మీద ఉప్పు పొర ఉంటే
మంచినీళ్ళపేట పడవ.
విప్పగానే గుప్పెడు ఉసిళ్ళ రెక్కలు రాలితే
పిల్లలెవరో పరీక్షలకి చదివారు.
ఒకదాంట్లో బల్లిగుడ్లు రెండు.
ఏం చెయ్యాలో తెలీక అగ్గిపెట్టెలో పెట్టాను.

పక్కన జనరేటరు పెట్టిన ఢిల్లేశు
ఫోనుకి ఇరవై, లైటుకి ముప్పై అంటున్నాడు.
"డీజిలు ఎంతో తెలుసేటి నీకు?" అని
నేను అడక్కుండానే కసిరేడు.
నేనొక ఆటో బ్యాటరీ అద్దెకి తెచ్చాను.
మూడేసి లైట్లు వరసగా కలిపితే
నాలుగు మూళ్ళు పన్నెండు.
నిండవు. సగం దాకా వస్తాయి.
రాత్రి ఆ బ్యాటరీ పక్కనే పడుకుంటున్నాను.

ఆరో రోజు బృందావతి వచ్చింది.
కొబ్బరితోట బృందావతి అనేవాళ్ళం,
ఇప్పుడేమనాలో.
కొంగులో చుట్టి తెచ్చిన లైటు మీద
ప్లాస్టిక్ కాయితం కూడా తియ్యలేదు.
ధర చీటీ ఉంది, మూడువందల నలభై.

"ఒక్క నాడూ ఎలిగించనేదు బావూ.
పాత తుపానప్పుడు కొన్నాను.
అవసరానికుంటాదని ట్రంకుపెట్టిలో
పట్టుకోక కింద దాసీసినాను.
మొన్న రాత్రి తీసి నొక్కితే
ఉలుకూ నేదు పలుకూ నేదు.
షాపోడు మోసం సేసినాడేటి?"

విప్పాను. తీగలు కొత్తవే, బోర్డు మెరుస్తోంది.
బ్యాటరీ మాత్రం పొట్ట ఉబ్బి,
కొసల్లో తెల్లటి బూజు.

మోసం లేదమ్మా, దాచినందుకే పోయింది.
నెలకోసారైనా వెలిగించాలి,
ఆర్పి మళ్ళీ నింపాలి.
పితకని ఆవు వట్టిపోదూ?

ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు.
తలుపు విరిగి లోపలికి పడ్డ రాత్రి
ఆ బొత్తాం ఎన్నిసార్లు నొక్కిందో
నేనడగలేదు, తను చెప్పలేదు.
చివరికి అంది:
"ఐతే నా పెట్టిలో
అలాటివి ఇంకా సాలా ఉన్నాయి బావూ."

యజమాని రాని పాత లైటొకటుంటే
దాని బ్యాటరీ తీసి దీనికి పెట్టాను.
నాలుగు కొబ్బరికాయలిచ్చింది, కూలిన చెట్లవి.
ఆ వారం మా దగ్గర అవే రూపాయలు.

పదకొండో రాత్రి కరెంటొచ్చింది.
సందంతా ఒకటే కేక.
ఢిల్లేశు జనరేటరు ఆపేసరికి
నిశ్శబ్దం చెవుల్లో గుయ్యిమంది.

తెల్లారి నా బల్ల మీద ఇరవై రెండు లైట్లు,
బాగుచేసినవి, ప్లాస్టరు మీద పేర్లు రాసినవి,
ముందే డబ్బులిచ్చినవి కూడా.
ఎవరూ రాలేదు.
వారం. పది రోజులు.
బల్లిపిల్లలు రెండూ
అగ్గిపెట్టె వదిలి వెళ్ళిపోయాయి.

ఒకటో తారీకు, మిట్టమధ్యాహ్నం.
కలరా ఉండల వాసన ముందొచ్చింది,
వెనకాలే బృందావతి,
మడతలు ఇంకా విడని ఆకుపచ్చ పట్టుకోక కట్టి,
చంకలో లైటు.
మళ్ళీ పాడైందేమో అనుకున్నాను.

బల్ల మీద పెట్టి నొక్కింది.
ఆ ఎండలో ఏం కనిపిస్తుంది?
రెండు చేతులూ దోనెలా అడ్డుపెట్టి
తల వంచి లోపలికి తొంగిచూసింది.
"ఎలగతందా?"

నేనూ వంగి చూశాను.
వెలుగుతోందమ్మా.

"మరి ఎంతసేపు ఉంచాల?"